ఎటెల్తన్నావ్, ఎప్పుడొత్తావ్

మొన్న ఆదివారం మా గేటు దగ్గర చేపల గిన్నె దించినావిడ ఎప్పుడూ వచ్చే ఆమె కాదు. వయసులో చిన్నది, చేతినిండా గాజులున్నాయి. కత్తిపీట మాత్రం అదే. పీట చెక్కకి ఒక మూల నల్లగా కాలిన మచ్చ ఉంటుంది, చుట్ట ఆనించి ఆనించి పడిన మచ్చ.

"అత్త పోనాదమ్మా," అంది ఆ అమ్మాయి, నేను నోరు తెరవకముందే. "లచ్చివారం పొద్దున్న టీ తాగుతా గోడకి జేరబడింది. మరి లెగనేదు."

గిన్నెలో కానాగంత చేపల కేసి చూస్తూ నిలబడిపోయాను. ఆమె పేరేమిటని అడుగుదామా అనిపించింది. ఇన్నేళ్లూ అడగని పేరు, మనిషి పోయాక అడిగితే ఏం బావుంటుంది. మా అపార్ట్‌మెంటులో అందరికీ ఆమె పిన్నే. నాకూ పిన్నే, నా కొడుకు జోయల్‌కీ పిన్నే, చర్చి సంఘంలో పెద్దరికం చేసే మా ఆయనకీ పిన్నే. వరసలు ఎలా కుదిరాయో ఎవరూ పట్టించుకోలేదు.

జాలరిపేట నుంచి మధురవాడకి షేర్ ఆటోలో వచ్చేది. గిన్నెలోంచి కారే నీచు నీళ్లకి ఆటో కుర్రాడు విసుక్కుంటే, "సెంటు కొట్టినట్టుంది నీ బండికి, నడుపు" అనేదట. గేటు లోపల, ట్రాన్స్‌ఫార్మర్ పక్క నీడలో కూర్చునేది. చుట్టని తిప్పి, నిప్పున్న కొస నోట్లో పెట్టుకుని అడ్డపొగ తాగేది. జోయల్ చిన్నప్పుడు అది చూసి, మా పిన్ని నిప్పు మింగుతుందని స్కూల్లో చెప్పొచ్చాడు. చేప కోస్తున్నంతసేపూ ఆమె చూపు చేప మీద ఉండేది కాదు. వేళ్లు కత్తి అంచునే ఆడుతుండేవి, కళ్లు మాత్రం గేటు మీద. "వేలు తెగుతుంది పిన్నీ" అంటే, "ఏలు ఎక్కడికెల్తాదమ్మా, నా కాడే ఉంటాది. ఎల్లీవోలు ఎల్తారు గానీ" అనేది.

గేటు దాటే ప్రతి మనిషినీ ఆమె రెండే మాటలు అడిగేది. "ఎటెల్తన్నావ్? ఎప్పుడొత్తావ్?"

బయల్దేరే మనిషిని ఎక్కడికని అడగడం ఎంత తప్పో మనవాళ్లకి చెప్పక్కర్లేదు. వెళ్లే పని చెడుతుంది. అడక్క తప్పకపోతే "దూరమా?" అని నసుగుతాం. మేం క్రైస్తవులం, శకునాలు నమ్మకూడదని ఆదివారం ఆదివారం వింటూనే ఉంటాం. అయినా మా ఆయన ఏదైనా పని మీద వెళ్తూ పిన్ని నోట పడితే, వెనక్కొచ్చి, సోఫాలో కూర్చుని, గ్లాసుడు మంచినీళ్లు తాగి మళ్లీ బయల్దేరేవాడు. "దాహం వేసింది" అనేవాడు నా మొహం చూడకుండా. తక్కినవాళ్ల సంగతి సరే సరి. ఆమె వచ్చిన రోజున వెనక గేటు తీయించుకుని వెళ్లేవాళ్లు. ఇంటర్వ్యూకి వెళ్లే అమ్మాయిలు స్కూటీ మీద తల వంచుకుని దూసుకుపోయేవాళ్లు. ఆమె ఊరుకుంటేనా. "ఏ, మాట్లాడకండ ఎల్పోతావేటి? ఎటు?" అని వీధి మలుపు దాకా కేక వేసేది.

ఒకసారి ఉండబట్టలేక అడిగేశాను. వాన పడుతోంది. ఆమె గిన్నె మీద ప్లాస్టిక్ పట్టా కప్పి వాచ్‌మన్ గది చూరు కింద కూర్చుంది.

"అందరూ తిట్టుకుంటున్నారు పిన్నీ. వెళ్లే మనిషిని ఎందుకలా అడుగుతావు?"

ఆమె చుట్ట నోట్లోంచి తీసి పీట మూల ఆనించింది.

"మాకాడ ఏటకెల్లీ మగోడిని అడగరమ్మా. ఆడది ఎదురు రాకూడదు. మొకం గోడకి తిప్పుకుని నిలబడాల. నానూ అలాగే నిలబడ్డాను. నా పెనిమిటి వల బుజానేసుకుని ఎల్లినాడు. మర్నాడు రానేదు. పేటంతా తెప్పలేసుకుని బయల్దేరినారు. బయల్దేరతా నన్నడిగినారు, ఎటెల్లినాడే అని. బీమిలి ఏపా, గంగవరం ఏపా అని. నాకేటి తెల్సు? నా మొకం గోడకేసుంటే." కత్తిపీట మీద కాలు సర్దుకుంది. "ఇటెల్లుంటాడని ఇటెతికినారు. ఆడు అటున్నాడు. ఎప్పుడొత్తావో అడిగుంటే ఆ సాయంత్రమే ఎతుకుదుం. అడగనేదు."

"అందుకని ఊళ్లో అందర్నీ అడుగుతావా?"

"బయమమ్మా. అడక్కపోతే కడుపులో సెయ్యెట్టి దేవినట్టుంటాది."

ఆమెది అధిక ప్రసంగమని కొందరూ, ఆరా తీసే బుద్ధని కొందరూ అనుకునేవాళ్లు. ఉత్త భయమని నాకు ఆ రోజు తెలిసింది. తెలిసినా మా ఇంట్లో బయల్దేరేవాళ్లని అడగడం నేను మొదలుపెట్టలేదు. పుట్టినప్పట్నుంచీ వింటున్న మాట ఒక వానకి కొట్టుకుపోదు.

మా అంతస్తులోనే, లిఫ్టు పక్క ఫ్లాటు వాళ్లబ్బాయి కౌశిక్. ఇంటర్ రెండో సంవత్సరం, మా జోయల్ కంటే ఏడాది పెద్ద. వాళ్ల నాన్న కొత్త కారు కొన్న రోజు చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి, తొక్కించే ముచ్చట కొడుకు చేతే తీర్చుకున్నాడు. మేమంతా చప్పట్లు కొట్టాం. వాడికి లైసెన్సు వయసు రాలేదని కొందరికి గుర్తు రాలేదు, గుర్తొచ్చినవాళ్లు అనలేదు. సెల్లార్లో రెండు స్తంభాల మధ్య వాడు రివర్సు చేస్తుంటే మా అసోసియేషన్ ప్రెసిడెంటు, స్టీల్ ప్లాంటులో ఆఫీసరుగా రిటైరైన పెద్దమనిషి, "నాకే రాదయ్యా ఇంత నున్నగా" అని భుజం తట్టాడు. ఆయన కారు ఇరుక్కుంటే కౌశిక్‌నే పిలిచేవాడు. ఆ తర్వాత పెరుగు ప్యాకెట్లకి వీధి చివరిదాకా, ఆ తర్వాత పెట్రోలు బంకు దాకా. పిల్లాడు చేతికి అంది వచ్చాడని వాళ్లతో పాటు మేమూ మురిసిపోయాం.

ఆ రోజుల్లోనే ఒక ఆదివారం మేం పొద్దుటి ఆరాధన నుంచి వచ్చి టిఫిన్ తింటున్నాం. జోయల్ బూట్లు తొడుక్కుంటూ, "వెళ్లొస్తానమ్మా" అన్నాడు. ఎక్కడికి అన్న మాట నాలుక చివరిదాకా వచ్చింది. మా ఆయన వాడి వెనక నుంచి కళ్లతోనే వద్దన్నాడు. "జాగ్రత్త" అని మాత్రం అన్నాను.

కూర పొయ్యి మీద ఉండగా ఇంటర్‌కమ్ మోగింది. వాచ్‌మన్‌కి మాట సరిగ్గా రావడం లేదు. మా కార్ల అద్దాల మీద అపార్ట్‌మెంటు స్టిక్కరు ఉంటుంది, దాని మీద గేటు ఫోను నంబరు ఉంటుంది. దారిన పోయేవాళ్లెవరో ఆ నంబరుకి చేశారట. కారు చెట్టుకి కొట్టుకుందని, లోపల ఇద్దరు కుర్రాళ్లని, ఒకడు అక్కడే పోయాడని, రెండోవాణ్ణి ఆసుపత్రికి తీసుకెళ్తున్నామని చెప్పి పెట్టేశారు. ఏ రోడ్డో, ఏ ఆసుపత్రో వాచ్‌మన్ అడగలేదు. తిరిగి చేస్తే ఎవరూ ఎత్తడం లేదు.

అపార్ట్‌మెంటు మొత్తం సెల్లార్లోకి దిగింది. కౌశిక్ వాళ్ల కారు ఉండాల్సిన చోట నూనె మరక ఒకటే ఉంది. మగపిల్లలున్న ప్రతి తల్లీ ఫోను చెవి దగ్గర పెట్టుకుంది. ఒక్కొక్క ఫోనే పలికింది. ట్యూషన్‌లో ఉన్నానని ఒకడు, ఇప్పుడే నిద్ర లేచానని ఒకడు. ఫోను పలికిన తల్లి పలికినట్టే నేల మీద కూలబడి ఏడ్చింది. చివరికి పలకనివి రెండే మిగిలాయి. కౌశిక్‌ది, మా జోయల్‌ది.

నేనూ కౌశిక్ వాళ్లమ్మా ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. ఆ చూపు గురించి రాయకూడదు గానీ రాస్తున్నాను. ఇద్దరిలో ఒకడు పోయాడు. నా కొడుకు ఉండాలని నేను కోరుకుంటే ఏం కోరుకున్నట్టో నాకు తెలుసు. ఆమెకీ తెలుసు. ఇద్దరం చూపులు తిప్పేసుకున్నాం.

కౌశిక్ నాన్న ఎవరిదో బండి లాక్కుని ఊళ్లోకి, పెద్దాసుపత్రి వైపు వెళ్లిపోయాడు. కాదు ఆనందపురం వైపు అయి ఉంటుందన్నారొకరు. కుర్రాళ్లు హైవే ఎక్కి ఉంటారన్నారు ఇంకొకరు. ఎటు, ఎటు అని అందరూ ఒకళ్లనొకళ్లు అడుగుతున్నారు. ఆ మాట వినగా వినగా నాకు పిన్ని గుర్తొచ్చింది. గేటు దగ్గరికి పరిగెత్తాను. నీడలో పొలుసులూ తడీ తప్ప ఎవరూ లేరు. చెప్పుల్లేకుండా వెనక వీధిలోకి పరిగెత్తాను. అక్కడ ఒక ఇంటి ముందు కూర్చుని చేప కోస్తోంది.

"పిన్నీ, మా పిల్లలు కారులో వెళ్లారు. చూశావా? అడిగావా?"

నా మొహం చూసి ఆమె లేచి నిలబడింది. పొలుసులంటిన చేత్తోనే నా చేయి పట్టుకుంది.

"అడిగినానమ్మా. కారుకి అడ్డంగా నిలబడి అడిగినాను. తోలీ బాబు పలకనేదు. అద్దం ఎత్తీసి హారన్ కొట్టీసినాడు. నీ కొడుకు పక్క సీట్లో కూకున్నాడు. ఆడద్దం దించి సెప్పినాడు. బీమిలి దాకా ఎల్లి పన్నెండింటికి వొచ్చెత్తాం పిన్నీ అన్నాడు."

జోయల్ ఆ కారులోనే ఉన్నాడని అప్పుడు ఖాయమైంది. పిన్ని నన్ను వీధి మలుపు వైపు నెట్టింది.

"బీమిలి రోడ్డమ్మా. అటే ఎల్లు. ఇటెతక్కు."

మా ఆయన కారు తీశాడు. కౌశిక్ వాళ్లమ్మ నా పక్కన కూర్చుంది. దారి పొడుగునా నా చేయి వదల్లేదు. సముద్రం వైపు చూడడానికి కూడా భయమేసి నా మోకాళ్ల కేసి చూస్తూ కూర్చున్నాను. ఆ రోడ్డులో ఉన్న ఆసుపత్రి దగ్గర దిగాక ముందు ఎవరు లోపలికి వెళ్లాలో ఇద్దరికీ తెలియలేదు. గుమ్మంలోనే నిలబడిపోయాం. ఒక నర్సు బయటికి వచ్చి, "జోయల్ తాలూకు ఎవరమ్మా?" అంది. వాడు తన పేరు చెప్పుకోగలిగాడన్నమాట. నా చేయి నేనే లాక్కున్నానో, ఆమే వదిలేసిందో ఇప్పటికీ నాకు తెలియదు.

కౌశిక్ పోయాడు. జోయల్‌కి తుంటి దగ్గర విరిగిన ఎముక అతికింది గానీ, కాలు కాస్త ఈడుస్తాడు.

ఆ తర్వాత మా అపార్ట్‌మెంటుని భయం పట్టుకుంది. కారు తాళాలు బియ్యం డబ్బాల్లోకి చేరాయి. ప్రెసిడెంటు గారు స్నానానికి వెళ్తూ కూడా తాళంచెవి మెడలో వేసుకునేవాడని వాళ్లావిడ చెప్పింది. ఆయన మనవడికి పదేళ్లు. రోడ్డు మీద ఎక్కడ బ్రేకు కీచుమన్నా బాల్కనీల నిండా మనుషులే. కౌశిక్ నాన్న మీద కేసు పెట్టారు. ఆయన లిఫ్టులో ఎక్కితే మేం మెట్లు దిగేవాళ్లం. చప్పట్లు కొట్టిన చేతులు కదా, ఆ మొహం చూడాలంటే భయం. ఇంత భయం ఎక్కడో ఒకచోట దించుకోవాలి. పిన్ని మీద దించారు.

మీటింగు సెల్లార్లోనే పెట్టారు.

"బయల్దేరిన బండికి అడ్డం నిలబడి ఎక్కడికని అడగడమేమిటండీ? ఆవిడ నోరు మంచిది కాదు," అన్నాడు ప్రెసిడెంటు.

"ఆవిడ అడక్కపోతే నా కొడుకు ఏ ఆసుపత్రిలో ఉన్నాడో నాకు తెలిసేది కాదు," అన్నాను.

"ఆవిడ అడక్కపోతే అసలు ఆసుపత్రి అవసరమే వచ్చేది కాదేమో మేడమ్," అన్నారెవరో వెనక నుంచి.

మా ఆయన నేలకేసి చూస్తున్నాడు. పిల్లాడి చేతికి తాళమిచ్చింది ఆవిడ కాదు కదా అని అందామని నోటిదాకా వచ్చింది. కౌశిక్ నాన్న స్తంభం పక్కన నిలబడి ఉన్నాడు. మింగేశాను.

పిన్నిని గేటు బయట ఆపేశారు. ఆమె కాలవ మీది పలక మీద, ఎండలో కూర్చోవడం మొదలుపెట్టింది. అడగడం మానేసింది. అదే నన్ను ఎక్కువ భయపెట్టింది. పిల్లలు బళ్ల మీద గేటు దాటుతుంటే కత్తి ఆపి, మొహం ప్రహరీగోడ వైపు తిప్పుకునేది. వాళ్లు మలుపు తిరిగాక మళ్లీ ఇటు తిరిగేది.

"అడగవేం పిన్నీ?" అన్నాను.

"నా నోరు మంచిది కాదంట కదమ్మా," అంది. "నిజమేనేమో. ఆయన్ని అడక్కండ పోగొట్టుకున్నాను. ఈ బాబుని అడిగి పోగొట్టీసినానేమో. నాకూ బయంగానే ఉంది."

కౌశిక్ వాళ్లమ్మ కిందికి దిగింది ఒక ఆదివారం. కొడుకు పోయాక గేటు దాకా రావడం అదే మొదలు. నేను గిన్నె దగ్గర నిలబడి ఉన్నాను. పైన బాల్కనీల్లో మాటలు ఆగిపోయాయి. వాచ్‌మన్ కుర్చీలోంచి సగం లేచాడు. ఆవిడ ఇవాళ పిన్ని జుట్టు పట్టుకుంటుందనే అందరూ అనుకున్నారు. నేనూ అనుకున్నాను. ఆవిడ వచ్చి, పిన్నికి ఎదురుగా ఆ మట్టిలోనే కూర్చుంది.

"నువ్వు అడిగావట కదా పిన్నీ," అంది. "మావాడు ఏమన్నాడు?"

పిన్ని నాకేసి ఒక్కసారి చూసింది. అద్దం ఎత్తేసిన సంగతి, హారన్ సంగతి ఆమెకీ నాకూ తెలుసు. ఆసుపత్రిలో జోయల్ కూడా అదే చెప్పాడు.

"సెప్పినాడమ్మా," అంది పిన్ని. "నవ్వినాడు. బీమిలి దాకా పిన్నీ అన్నాడు. ఎప్పుడొత్తావ్ బాబూ అంటే, అన్నానికి వొచ్చెత్తాను, అమ్మ సేపలొండుతాది, నా కోసం సూత్తాది అన్నాడు."

ఆవిడ ప్రతి ఆదివారం పిన్ని దగ్గర వంజరం చేప తీసుకునే మనిషి. చాలాసేపు పిన్ని మొహమే చూసింది.

"అన్నానికి వస్తానన్నాడా?"

"అన్నాడమ్మా."

ఆవిడ లేచి, గిన్నెకి ఒక పక్క చెయ్యి వేసింది. పిన్ని రెండో పక్క పట్టుకుంది. ఇద్దరూ గిన్నెని గేటు లోపలికి తెచ్చి, ట్రాన్స్‌ఫార్మర్ పక్క నీడలో పెట్టారు. వాచ్‌మన్ ప్రెసిడెంటు గారి బాల్కనీ కేసి చూశాడు. అక్కడ ఎవరూ లేరు. ఆ తర్వాత పిన్నిని ఎవరూ ఆపలేదు. ఆమె మళ్లీ అడగడం మొదలుపెట్టింది గానీ, మునుపటి కేక లేదు. దగ్గరికొచ్చి నెమ్మదిగా అడిగేది. మావాళ్లూ ఆగి చెప్పేవాళ్లు. మా ఆయన చెప్పి మరీ వెళ్లేవాడు, మంచినీళ్లకి వెనక్కి రాకుండా.

అలాంటి మనిషి పోయిందన్న కబురు మొన్న కౌశిక్ వాళ్లమ్మకి చెప్పాలని పైకి వెళ్లాను. మా జోయల్ ఆ గుమ్మం ముందు నుంచి నడవడు. లిఫ్టు అక్కడే ఉన్నా, ఆ కాలుతోనే మా వైపు చివరనున్న మెట్లు దిగి వెళ్తాడు. నేను మాత్రం అప్పుడప్పుడు వెళ్తాను. ఆవిడ ఉతికిన బట్టలు మడత పెడుతోంది. చెప్పాను. చేతిలో తువ్వాలు ఒళ్లో పెట్టుకుంది.

"మావాడు చేప ముట్టడండీ," అంది.

నాకు అర్థం కాలేదు.

"చిన్నప్పుడు గొంతులో ముల్లు దిగింది. అప్పట్నుంచీ ఆ వాసనొస్తే ఇంట్లోంచి లేచిపోయేవాడు. ఆదివారం వాడికి విడిగా గుడ్డు వండేదాన్ని. ఆవిడకేం తెలుసు పాపం, వారం వారం వంజరం కొంటుంటే వాడి కోసమే అనుకుంది."

"అంటే, ఆ రోజే..."

"ఆవిడ చెప్తుండగానే తెలిసిపోయింది. అయినా అన్నానికి వస్తానన్నాడు అన్న మాట నాకు కావాల్సొచ్చింది. తీసుకున్నాను."

అప్పుడే వరండా అటు చివర్నుంచి జోయల్ గొంతు వినిపించింది. "అమ్మా, వెళ్తున్నా." నేను లేచేలోపల ఆవిడ లేచింది. గుమ్మంలోకి వెళ్లి నిలబడింది. వాణ్ణి అంత ఎదురుగా ఆవిడ చూడడం కారు ప్రమాదం తర్వాత అదే మొదటిసారి. వాడు గోడకి ఆనుకుపోయాడు. మొహం తెల్లబోయింది.

"ఎటెళ్తున్నావ్ బాబూ?" అంది ఆవిడ. "ఎప్పుడొస్తావ్?"

వాడు గోడ వదిలి సరిగ్గా నిలబడ్డాడు.

"చర్చిలో యూత్ మీటింగ్ ఉంది ఆంటీ. బస్సులోనే వెళ్తున్నా. అన్నానికి వచ్చేస్తాను."

"సరే," అంది.

వాడు కాలీడ్చుకుంటూ ఆ గుమ్మం ముందు నుంచే నడిచి లిఫ్టు ఎక్కాడు. నేను మా ఇంటికి వెళ్లలేదు. అక్కడే కూర్చున్నాను. ఆవిడ మిగిలిన బట్టలు మడత పెట్టింది. తర్వాత ఇద్దరం తలుపు కేసి చూస్తూ, అన్నం వేళ దాకా అలాగే కూర్చున్నాం.